వైఫై కెమెరా గోడకు బిగించే ముందు

డ్రిల్లింగ్ మిషన్ తీయకముందే ఇవి చూసుకోండి. ఒకసారి పైన బిగించాక నిచ్చెన వేసుకుని మళ్లీ ఎవరూ ఎక్కరు.

- ముందు పాస్‌వర్డ్ మార్చండి. కంపెనీ ఇచ్చిన అడ్మిన్, 12345 లాంటివి ఊరందరి దగ్గరా ఉన్న తాళంచెవులే. 2016లో మిరాయ్ అనే మాల్వేర్ (హాని చేసే ప్రోగ్రామ్) అలాంటి పాస్‌వర్డ్‌లు ఓ 60 దాకా వరసగా కొట్టి చూసి లక్షల కెమెరాలు, డీవీఆర్‌లు (కెమెరా రికార్డింగ్ పెట్టెలు), రౌటర్లలోకి దూరింది, ఆ అక్టోబరులో వాటితోనే చేసిన దాడికి ట్విటర్, నెట్‌ఫ్లిక్స్ కూడా గంటల తరబడి మొరాయించాయి.

- బిగించడానికి వచ్చిన అబ్బాయి "నేను సెట్ చేసేస్తా అన్నా" అంటూ తన ఫోన్లోనే ఖాతా తెరుస్తాడు, ఒప్పుకోకండి. మా ఇంట్లో మూడు నెలల తర్వాత యాప్‌లో షేర్డ్ యూజర్స్ నొక్కితే అతని నంబరు ఇంకా అక్కడే ఉంది! మా వరండా అంతా చూస్తున్నాడన్నమాట. ఖాతా మీ నంబరుతోనే తెరవండి, ఓటీపీ లాగిన్ ఉంటే ఆన్ చేయండి.

- ఫర్మ్‌వేర్ (కెమెరా లోపలి సాఫ్ట్‌వేర్) అప్‌డేట్ కెమెరా చేతిలో ఉండగానే కానివ్వండి.

- కెమెరాకి గెస్ట్ వైఫై (రౌటర్లో అతిథుల కోసం ఉండే వేరే నెట్‌వర్క్) ఇవ్వండి, బ్యాంకు పనులు చేసే ఫోన్ ఉన్న నెట్‌వర్క్ వద్దు.

- రౌటర్లో యూపీఎన్‌పీ (పరికరాలు తమంతట తామే బయటి ఇంటర్నెట్‌కి దారి తెరిపించుకునే సెట్టింగు) ఆఫ్.

- పడకగదిలో అసలు పెట్టొద్దు, ఎంత సెక్యూరిటీ ఉన్నా సరే.