సింహాచలం ఘాట్‌లో జారిన క్లచ్, లోపల పగిలిన పిస్టన్

బూస్ట్ (టర్బో ఇంజిన్‌లోకి నెట్టే గాలి ఒత్తిడి) పెంచాక సింహాచలం ఘాట్ ఎక్కుతుంటే నా టర్బో పెట్రోల్ కారులో ఆర్‌పీఎం పెరుగుతోంది, వేగం పెరగడం లేదు. క్లచ్ జారుతోంది. ఆటోనగర్‌లో మెకానిక్ కంప్రెషన్ (సిలిండర్‌లో గాలిని నొక్కినప్పుడు వచ్చే ఒత్తిడి) కూడా చూస్తే మూడో సిలిండర్‌లో బాగా తక్కువ. విప్పితే పిస్టన్ రింగుల మధ్య గట్టు పగిలి ఉంది, చాలా బాధేసింది.

ఫోర్జ్‌డ్ (లోహాన్ని గట్టిగా నొక్కి చేసిన) పిస్టన్లు వేయించాను. ఇవి వేడికి ఎక్కువ వ్యాకోచిస్తాయి, అందుకే పాత కొలతకి కాకుండా పిస్టన్‌తో వచ్చిన కాగితంలో పిస్టన్‌కీ సిలిండర్ గోడకీ మధ్య ఇచ్చిన గ్యాప్ ప్రకారమే సిలిండర్ బోరింగ్ చేయించండి, ప్రతి రింగునీ సిలిండర్‌లో పెట్టి దాని రెండు చివరల మధ్య గ్యాప్‌ని ఫీలర్ గేజ్‌తో (సన్నని రేకులుండే కొలత పరికరం) కొలవండి, ఆ గ్యాప్ చాలకపోతే వేడికి రింగు చివరలు ఒకదానికొకటి తగిలి మళ్లీ అదే గట్టు పగులుతుంది. క్లచ్ ప్లేటు, ప్రెషర్ ప్లేటు, రిలీజ్ బేరింగ్ మూడూ ఒకేసారి మార్చాం. ట్యూనింగ్ కూడా సరిచేయించాను, నాక్ (సిలిండర్‌లో పెట్రోల్ అదుపు లేకుండా పేలడం) ఉంటే ఏ పిస్టనూ తట్టుకోదు.

1,000 కిలోమీటర్లు భీమిలి రోడ్డులో నెమ్మదిగా నడిపాక మొన్న మళ్లీ ఘాట్ ఎక్కాను, క్లచ్ జారలేదు.