పిట్యూటరీ కణితి, అధిక బరువు: భోజనంలో పాటించవలసిన జాగ్రత్తలు

బరువు పెరిగిందని ఆహార సలహా కోసం వచ్చినవారి చేతిలో పిట్యూటరీ ఎంఆర్ఐ రిపోర్టు కూడా ఉంటే, ముందుగా తెలుసుకోవలసింది ఏ హార్మోను ఎక్కువైందన్న సంగతి. ఎంత తింటున్నారన్న లెక్క ఆ తరువాతిది. మెదడు అడుగున శనగగింజంత ఉండే ఈ గ్రంథిలో పుట్టే కణితులు చాలావరకు క్యాన్సర్లు కావు. హార్మోను స్రవించేవాటిలో ప్రొలాక్టిన్ (తల్లికి పాలు పడేలా చేసే హార్మోను) కణితులే ఎక్కువమందిలో కనిపిస్తాయి. గ్రోత్ హార్మోనును స్రవించేవి చేతులు, పాదాలు, ముఖం పెరిగే ఎక్రోమెగలీకి, మూత్రపిండాల మీది అడ్రినల్ గ్రంథులను పురికొల్పే ఏసీటీహెచ్‌ను స్రవించి, ఆ గ్రంథుల్లో తయారయ్యే కార్టిసాల్ హార్మోనును పెంచేవి కుషింగ్ వ్యాధికి దారితీస్తాయి. మూడింటిలోనూ షుగర్ పెరగవచ్చు గానీ పెరిగే దారులు వేరు కాబట్టి, ఒకే డైట్ చార్టును ముగ్గురి చేతిలోనూ పెట్టడం సరికాదు.

మొదటి వారంలో చేయవలసిన పని కొలతలు రాసిపెట్టుకోవడం. ఉదయం పరగడుపున, చివరి పక్కటెముకకూ తుంటి ఎముకకూ నడిమధ్య టేపు చుట్టి, ఊపిరి మామూలుగా వదిలినప్పుడు నడుము కొలవాలి. మన దేశంలో మగవారికి 90, ఆడవారికి 80 సెంటీమీటర్లు దాటితే పొట్టలో కొవ్వు ఎక్కువైనట్టు లెక్క. ఒక్క తూకాన్ని నమ్ముకుంటే మోసపోతాము. ఎక్రోమెగలీలో ఒంట్లో నీరు నిలిచి, అవయవాలు పెరిగి బరువు ఎక్కువగా కనిపిస్తుంది. కుషింగ్‌లో కాళ్లు, చేతులు సన్నబడి పొట్ట పెరుగుతుంది గనుక తూకంలో పెద్ద తేడా రాకుండానే జబ్బు ముదరవచ్చు. చేతులు ఛాతీ మీద కట్టుకొని, ఆసరా లేకుండా కుర్చీలోంచి వరుసగా ఎన్నిసార్లు లేవగలుగుతున్నారో పక్షానికొకసారి రాసుకుంటే తొడ కండరాల బలం ఎటు పోతున్నదో తెలుస్తుంది.

కుషింగ్ వ్యాధి గురించి కొంత విపులంగా చెప్పాలి, తిండి వల్ల మేలైనా కీడైనా వీరిలోనే త్వరగా కనబడుతుంది. కార్టిసాల్ ఎక్కువైనప్పుడు కాలేయం గ్లూకోజును ఎక్కువగా వదులుతుంది, కండ కరుగుతుంది, ఎముక గుల్లబారుతుంది, ఆకలి పెరుగుతుంది. నోరు కట్టుకోలేరని ఇంట్లోవారు దెప్పడం అన్యాయం, ఆ ఆకలిని పుట్టిస్తున్నది హార్మోను. పరగడుపు షుగర్ మామూలుగానే ఉండి భోజనం తరువాత బాగా పెరగడం వీరిలో తరచూ చూస్తాము కాబట్టి, తిన్న 2 గంటల తరువాతి షుగర్, హెచ్‌బీఏ1సీ (గత రెండు మూడు నెలల షుగర్ సగటును చూపే పరీక్ష) కూడా చూపించుకోవాలి. బరువు తగ్గాలని రోజంతా ఉపాసం ఉంటే ముందే కరుగుతున్న కండ ఇంకా కరుగుతుంది. మూత్రపిండాలు బాగున్నవారు, ఎత్తుకు తగిన బరువులో కిలోకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులను మూడు పూటలకూ పంచుకోవడం మంచిది: రెండు కోడిగుడ్లలో సుమారు 12 గ్రాములు, 30 గ్రాముల కందిపప్పులో 6 నుంచి 7 గ్రాములు, ఒక గ్లాసు పాలలో 6 గ్రాముల దాకా ఉంటాయి.

ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే తలగొట్టిన ఒక టీ స్పూనుకు మించకూడదు. మన ఇళ్లలో కూర చప్పగా వండి, పక్కన మామిడికాయ తొక్కు వేసుకోవడం అలవాటు; అప్పుడు కూరలో మిగిల్చిన ఉప్పంతా తొక్కులో తిరిగి వస్తుంది. కార్టిసాల్ వల్ల పొటాషియం తగ్గినవారికి తోటకూర, గంగవాయిలి కూర, కొబ్బరినీళ్లు మేలు చేస్తాయి గానీ, బీపీకి స్పైరనోలాక్టోన్ వంటి మాత్ర వాడుతున్నవారు రక్తంలో పొటాషియం చూసుకోకుండా కొబ్బరినీళ్లు పెంచకూడదు. దగ్గు కషాయాల్లో వేసే అతిమధురం బీపీని పెంచి పొటాషియాన్ని తగ్గిస్తుంది, దాన్ని పూర్తిగా మానాలి. కీళ్లనొప్పులకని ఊరి ఆరెంపీ దగ్గర తీసుకున్న సూదుల్లోనూ, పేరు లేని పొడుల్లోనూ స్టెరాయిడ్ ఉండవచ్చు. అవి వాడి ఉంటే ఆ మాట డాక్టరుకు తప్పక చెప్పాలి, ఎందుకంటే ముఖం ఉబ్బడానికి, పొట్ట పెరగడానికి అవే కారణం కావచ్చు.

అన్నం మాని జొన్నరొట్టె తింటే చాలనుకోవడం వరంగల్ ప్రాంతంలో తరచూ వినే మాట. వంద గ్రాముల బియ్యంలోనూ, వంద గ్రాముల జొన్నపిండిలోనూ శక్తి ఇంచుమించు సమానమే, 330 నుంచి 360 కిలో కేలరీలు. రొట్టెలో పీచు ఎక్కువ, నమలడానికి సమయం పడుతుంది కాబట్టి ఒకటిన్నర రొట్టెకు కడుపు నిండుతుంది; లాభం అక్కడే ఉంది. అదే జొన్నను పల్చటి గటకగా చేసి తాగితే ఆ లాభంలో కొంత పోతుంది. రేషన్ షాపుల్లో 2025 ఉగాది నుంచి సన్నబియ్యం వస్తున్నందున అన్నం మెత్తగా, రుచిగా ఉండి రెండో గంటె తేలిగ్గా పడుతున్నది. ముందు పప్పు, పుంటికూర, గుడ్డు కంచంలో వేసుకొని, మిగిలిన చోట అన్నం పెట్టుకోవడం నా దృష్టిలో అన్నిటికంటే తేలికైన ఉపాయం. సకినాలు, సర్వపిండి పండుగనాడు రెండు ముక్కలు తింటే ముప్పేమీ లేదు, డబ్బాలో నెలంతా ఉంటేనే ఇబ్బంది.

ప్రొలాక్టిన్ కణితికి ఎక్కువమందికి మాత్రలే చాలు. క్యాబర్‌గోలిన్ వారానికి ఒకటి రెండు సార్లు, రాత్రి భోజనంతో వేసుకుంటే వికారం తక్కువగా ఉంటుంది. ప్రొలాక్టిన్ అదుపులోకి వచ్చాక ఇన్సులిన్ పనితీరు మెరుగుపడవచ్చు. అయితే ఈ మందుతో కొందరిలో తిండి మీదో, జూదం మీదో అదుపు తప్పుతుంది. అలా అనిపిస్తే దాచకుండా చెప్పాలి.

ఎక్రోమెగలీలో గ్రోత్ హార్మోను ఇన్సులిన్‌ను అడ్డుకుంటుంది. ఆ హార్మోనును తగ్గించడానికి ఇచ్చే ఆక్ట్రియోటైడ్, లాన్రియోటైడ్ ఇంజెక్షన్ల వల్ల పిత్తాశయంలో రాళ్లు ఏర్పడే అవకాశం ఉంది, వేగంగా బరువు తగ్గడం కూడా రాళ్లకు కారణమే కాబట్టి వీరు తొందరపడకుండా నెమ్మదిగా తగ్గాలి. అదే కోవకు చెందిన పాసిరియోటైడ్ అయితే షుగర్‌నే పెంచుతుంది. చికిత్స ఫలించాక షుగర్ తగ్గినా ఒంట్లో కొవ్వు కొంత పెరగడం సహజం, దానికి కంగారుపడి భోజనం మానకూడదు.

కణితిని తీయడానికి ముక్కు ద్వారా చేసే ఆపరేషన్ తరువాత రెండు విషయాలు మరువరాదు. ‘వేడి చేసింది, బాగా నీళ్లు తాగు’ అని బంధువులు చెప్పే సలహా మొదటి రెండు వారాల్లో ప్రమాదకరం, రక్తంలో సోడియం పడిపోవచ్చు. ఎంత తాగాలో డాక్టరు చెప్పిన కొలత ప్రకారమే తాగాలి, తలనొప్పి, వాంతులు, మగత వస్తే వెంటనే సోడియం చూపించుకోవాలి. హార్మోను తగ్గిన కొద్దీ షుగర్ వేగంగా దిగుతుంది గనుక ఇన్సులిన్ మోతాదును కూడా డాక్టరును అడిగి తగ్గించుకోవాలి. ఒంట్లో తగ్గిన కార్టిసాల్‌కు బదులుగా హైడ్రోకార్టిసోన్ మాత్ర రాసి ఉంటే శనివారం ఉపాసమైనా, పెండ్లి ప్రయాణమైనా మానరాదు. జ్వరం వస్తే మోతాదు ఎంత పెంచాలో, వాంతులతో మాత్ర నిలవకపోతే ఇంజెక్షన్ ఎక్కడ వేయించుకోవాలో ముందే డాక్టరును అడిగి, ఒక చీటీ మీద రాయించుకొని ఆధార్ కార్డుతో పాటు జేబులో పెట్టుకోవాలి.