కొత్త సైబర్‌పంక్ నవలలను ఎక్కడ మొదలుపెట్టాలి, ఎలా చదవాలి

అధునాతన సాంకేతికత, దాన్ని గుప్పిట పెట్టుకున్న శక్తులు మనుషుల బతుకులను శాసించే భవిష్యత్తును చూపే సైన్స్ ఫిక్షన్ శాఖ సైబర్‌పంక్. ఈ శాఖకు బాట వేసింది 1984లో వచ్చిన విలియం గిబ్సన్ ‘న్యూరోమాన్సర్’ అయినప్పటికీ, దానితోనే మొదలుపెట్టవలసిన అవసరం లేదు. వివరణ లేకుండా వచ్చిపడే పదజాలం కొత్తవారిని తొలి పేజీల్లోనే అలసిపోయేలా చేయవచ్చు. ముందుగా మార్తా వెల్స్ ‘ఆల్ సిస్టమ్స్ రెడ్’ (2017) తీసుకోండి. తనను అదుపు చేసే మాడ్యూల్‌ను తానే ఛేదించుకున్న ఒక భద్రతా యంత్రం, ఆ స్వేచ్ఛతో ఎవరికీ హాని తలపెట్టక సీరియళ్లు చూస్తూ గడుపుతుంది. చిన్న పుస్తకం, ఉత్తమ పురుషలో సాగే కథనం కనుక చదువు సాఫీగా నడుస్తుంది.

ఆ తర్వాత ఆర్కాడీ మార్టీన్ ‘ఎ మెమరీ కాల్డ్ ఎంపైర్’ (2019) చదవండి; నా దృష్టిలో వీటన్నిటిలో మిన్న ఇదే. సామ్రాజ్య రాజధానికి రాయబారిగా వచ్చిన మహీత్ తలలో అమర్చిన పరికరం, అంతకుముందు ఆ పదవిలో ఉన్న వ్యక్తి జ్ఞాపకాలను మోస్తుంది, కానీ అవి 15 ఏళ్ల పాతవి. పేర్లు నోరు తిరగనివి కావడంతో మొదట్లో తడబాటు తప్పదు. తెలియని ప్రతి పదం దగ్గరా ఆగకుండా, పెన్సిలుతో గుర్తు పెట్టుకొని ముందుకు సాగండి. చాలా పదాలకు అర్థం సన్నివేశమే చెబుతుంది.

చదివేటప్పుడు ఈ సాంకేతికత ఎవరి సొంతం, దాని మూల్యం ఎవరు చెల్లిస్తున్నారు అని అడుగుతూ ఉండండి. మందుల పేటెంట్ల చుట్టూ అల్లుకున్న ఆనలీ న్యూయిట్జ్ ‘అటానమస్’ (2017)కు ఆ ప్రశ్నే తాళంచెవి.