పురుషాంగం మీద నరపు కణితి: ఎలా గుర్తించాలి, ఎలా తీయాలి

పురుషాంగం చర్మం కింద నొప్పి లేకుండా మెల్లగా పెరిగే గడ్డ చాలాసార్లు మామూలు తిత్తే అయి ఉంటుంది. నరపు కణితులు అరుదు కాబట్టి వాటినీ తిత్తి లెక్కలోనే వేసి, ఓపీలో మత్తు ఇంజెక్షన్ ఇచ్చి గిల్లి తీసేస్తుంటారు. అలా చేస్తే స్పర్శ తెలిపే నరం దెబ్బతినవచ్చు.

ఈ కణితులు ప్రధానంగా మూడు రకాలు: ష్వానోమా (నరం పక్కన పొరతో విడిగా ఉండేది), న్యూరోఫైబ్రోమా (నరపు పోగులతో కలిసిపోయేది), గ్రాన్యులర్ సెల్ ట్యూమర్ (పొర లేనిది). ష్వానోమా ఎక్కువగా అంగం పైభాగంలో వస్తుంది, ఎందుకంటే స్పర్శ నరాలు అటే నడుస్తాయి. మధ్యలో సిర, దానికి అటూ ఇటూ ధమనులు, వాటికి వెలుపలగా నరాలు ఉంటాయి.

ముందు వేళ్లతో చూడండి. అంగం మెత్తగా ఉన్నప్పుడు గడ్డను పక్కకు, తర్వాత పొడవునా కదపాలి. నరానికి అంటుకున్న గడ్డ పక్కకు జరుగుతుంది గానీ పొడవునా అంతగా జరగదు. దాని మీద వేలితో తడితే అంగం కొస దాకా జివ్వుమంటే అనుమానం బలపడుతుంది, అనకపోయినా కొట్టిపారేయలేం. తిత్తి చర్మంతో పాటే కదులుతుంది. పెరోనీ వ్యాధిలో (అంగం లోపలి పొరలో మచ్చ కట్టే జబ్బు) వచ్చే గట్టిదనం కదలదు, అంగం గట్టిపడినప్పుడు వంకర కనిపిస్తుంది. పైసిరలో రక్తం గడ్డకడితే తాడులా తగులుతుంది, సాధారణంగా కొన్ని వారాల్లో తగ్గిపోతుంది. గడ్డ వృషణాల సంచిలో ఉంటే అది వృషణానికి వేరుగా ఉందో లేదో ముందు తేల్చాలి. వృషణంలోదే అయితే దారి పూర్తిగా వేరు: వృషణ క్యాన్సర్ జాడ చూపే ఏఎఫ్‌పీ, బీటా హెచ్‌సీజీ, ఎల్‌డీహెచ్ రక్తపరీక్షలు చేయించాలి. సంచి మీద నుంచి సూది గానీ కత్తి గానీ పెట్టకూడదు.

తర్వాత రక్తప్రసరణ కూడా చూపే డాప్లర్ అల్ట్రాసౌండ్. ష్వానోమా అంచులు స్పష్టంగా, లోపల నల్లగా కనిపిస్తుంది. దాని వెనక భాగం తెల్లగా మెరవడంతో నీటితిత్తి అని పొరబడే వీలుంది. లోపల రక్తప్రసరణ కనిపిస్తే అది తిత్తి కాదు. గడ్డలు ఒకటికి మించి ఉన్నా, అంగం మొదలు దాకా పాకినట్టున్నా ఎంఆర్ఐ తీయించాలి. ఎంఆర్ఐలో తీసే రెండు రకాల చిత్రాల్లో, టీ1లో కండరంతో సమానంగా, టీ2లో తెల్లగా కనిపించి, కాంట్రాస్ట్ మందు పీల్చుకోవడం నరపు కణితి మామూలు పోకడ. ఇదొక్కటే చూసి రకం మాత్రం తేల్చలేం.

సూదితో కణాలు తీసే పరీక్షకు ఇక్కడ విలువ తక్కువ. చాలాసార్లు చాలినన్ని కణాలు రావు, నొప్పి మాత్రం బాగా వస్తుంది. చిన్న గడ్డయితే మొత్తంగా తీయడమే పరీక్ష, అదే చికిత్స. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్‌లో పైపైన ముక్క తీసి పరీక్షించడం ఇంకా ప్రమాదం: పైచర్మం మందంగా పెరిగి క్యాన్సర్‌లా కనిపిస్తుంది, అసలు కణితి కింద ఉండిపోతుంది.

ఆపరేషన్‌లో, ఒక్క గడ్డయితే దాని మీదే చిన్న నిలువు గాటు చాలు. ఎక్కువ ఉంటే శిశ్నాగ్రం (అంగం కొస) అంచుకు కాస్త కింద గుండ్రంగా కోసి చర్మాన్ని వెనక్కి ఒలుస్తారు. బక్స్ ఫేసియాను (ఈ నరాలను, రక్తనాళాలను కప్పి ఉంచే పొర) నరం నడిచే దిశలో నిలువుగా తెరవాలి, అడ్డంగా కోస్తే నరపు కొమ్మలు తెగుతాయి. లూప్ (భూతద్దపు కళ్లద్దాలు) లేదా మైక్రోస్కోప్ కింద, నరపు పోగులు లేని చోట ష్వానోమా పైపొరను విప్పితే లోపలిది గింజలా ఊడి వస్తుంది. కణితిలోకి నేరుగా దూరే ఒక సన్న పోగును మాత్రమే కోయాల్సి రావచ్చు. రక్తం ఆపడానికి చుట్టుపక్కలకు పాకే మోనోపోలార్ కరెంటు వద్దు, పట్టకారు రెండు మొనల మధ్యే పారే బైపోలార్‌ను తక్కువ పవర్‌లో వాడాలి. న్యూరోఫైబ్రోమాలో పోగులు కణితితో పెనవేసుకుని ఉంటాయి, అన్నీ కాపాడటం కుదరకపోవచ్చు. ఈ మాట ఆపరేషన్‌కు ముందే రోగికి చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి. గ్రాన్యులర్ సెల్ ట్యూమర్‌కు పొర ఉండదు, చుట్టూ కొంత మంచి కణజాలంతో సహా తీయాలి.

తీసిన గడ్డను కోయకుండా, దాని పరిమాణానికి పది రెట్ల 10 శాతం ఫార్మలిన్‌లో పంపాలి. ష్వానోమాలో మైక్రోస్కోప్ కింద ఆంటొనీ ఏ (కణాలు ఒత్తుగా ఉండేవి), బీ (పలచగా ఉండేవి) భాగాలు, వెరోకే బాడీలు (కేంద్రకాలు వరుసల్లో పేరుకున్న చోట్లు), నరపు కణాలను గుర్తించే ఎస్-100 పరీక్షలో బలమైన రంగు కనిపిస్తాయి. పాత కణితుల్లో కేంద్రకాలు వికృతంగా ఉండి సార్కోమా (ఒక రకం క్యాన్సర్) అని భయపెట్టే రిపోర్టు రావచ్చు. అప్పుడు కణ విభజనలు ఎన్ని ఉన్నాయో అడగండి, రెండో పాథాలజిస్ట్‌కు స్లైడ్లు చూపించండి.

ఆపరేషన్ తర్వాత నాలుగు నుంచి ఆరు వారాలు సంభోగం, హస్తప్రయోగం ఆపాలి. మొద్దుబారడం సాగిన నరం వల్లయితే వారాల నుంచి నెలల్లో తగ్గుతుంది, తెగిన పోగుదైతే ఆ మేర మిగలవచ్చు. పెద్దవాళ్లలో 15 మి.మీ. దాటిన పాలకాఫీ రంగు మచ్చలు ఆరో అంతకుమించో ఉంటే న్యూరోఫైబ్రోమటోసిస్ (ఒంట్లో చాలాచోట్ల నరపు కణితులు వచ్చే జన్యు వ్యాధి) కోసం చూడాలి. ఆ వ్యాధి ఉన్నవాళ్లలో గడ్డ ఉన్నట్టుండి పెరిగినా, నొప్పి మొదలైనా వెంటనే ఎంఆర్ఐ అవసరం. మచ్చ దగ్గరే మళ్లీ ముడి తగిలితే అది తిరగబెట్టిన కణితే కానక్కర్లేదు. కుట్టు చుట్టూ కట్టిన ముడి కావచ్చు, తెగిన నరం కొస ఉండకట్టి ఉండవచ్చు. ముట్టుకోగానే చురుక్కుమంటే రెండోదే ఎక్కువ అనుమానం. కత్తి పట్టే ముందు మళ్లీ అల్ట్రాసౌండ్ తీయించాలి.