జాకెట్టు మీది పువ్వు పుట్టిల్లు మ్యూజియంలో వెతకడం ఎలా?

అనంతపురంలో మాది చిన్న మగ్గం వర్క్ షాపు. వచ్చేవాళ్లలో సగం మంది ఫోన్లో ఒక బొమ్మ చూపించి "ఇట్లాంటిదే కావాలక్కా" అంటారు. పక్క వీధి షాపులోనూ అదే బొమ్మ కుడుతుంటారు. విసుగొచ్చి కొత్త డిజైన్ల కోసం వెతుకుతుంటే, మా అక్క కొడుకు లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం వెబ్‌సైట్ తెరిచి ఇచ్చాడు. మొదటి రోజు రెండు గంటలు చూశాను. తెల్లారి ఒక్కటీ గుర్తు లేదు.

అందుకే మ్యూజియం మొత్తం చూడాలనుకోకండి. ఇంట్లోని ఒక వస్తువునో, ఒక మాటనో పట్టుకుని వెళ్లండి. నేను మా అవ్వ మాటతో మొదలుపెట్టాను. పూల అద్దకం గుడ్డను ఆమె 'చీటిగుడ్డ' అనేది. ఇంగ్లిష్ వాళ్ల 'చింట్జ్' ఆ మాటకు చుట్టమే. వెతికే పెట్టెలో ఇంగ్లిష్ అక్షరాలతో చింట్జ్, కలంకారీ, పాలంపోర్ అని కొట్టి చూడండి. పాలంపోర్ అంటే పలంగ్‌పోష్, మంచం మీద పరిచే దుప్పటి. మన కోరమాండల్ తీరంలో తయారై ఓడల్లో ఐరోపాకు వెళ్లినవి చాలా కనిపిస్తాయి. మధ్యలో మెలికలు తిరిగిన చెట్టు, చుట్టూ పూల అంచు. అక్కడివాళ్లు వీటికోసం ఎంత ఎగబడ్డారంటే, తమ నేతపనివాళ్లు దెబ్బతింటున్నారని ఫ్రాన్స్ 1686లో నిషేధం పెట్టి 1759 దాకా ఎత్తలేదు.

ఒక గుడ్డ దొరికాక ఫొటో పెద్దది చేసి గీతలు చూడండి, ఎలా చేశారో చదవండి. ఎరుపు కావలసిన చోట పటిక నీళ్లు రాసి, చిరివేరు అనే మొక్క వేరు రంగులో ఉడికిస్తే, పటిక ఉన్నచోటే రంగు నిలుస్తుంది. నలుపుకు ఇనుము, బెల్లం ఊరబెట్టిన నీళ్లు. నాకు ఒళ్లు జలదరించింది మాత్రం ఇంకోచోట. బొమ్మను గుడ్డ మీదికి దించడానికి కాగితానికి సూదితో చిల్లులు పొడిచి, పైన బొగ్గుపొడి అద్దేవాళ్లట. నేను రోజూ చేసేది అదేగా! బొగ్గు బదులు కిరసనాయిల్లో కలిపిన పొడి, అంతే తేడా. మగ్గం పనికి వాడే నా ఆరీ సూది, అదే కొన వంగిన సూది, కూడా పాతదే. గుజరాత్‌లో మోచీలు, అంటే చెప్పులు కుట్టేవాళ్లు, తోలు కుట్టే సూదితోనే పట్టు మీద గొలుసుకుట్టు వేశారు. 'మోచీ ఎంబ్రాయిడరీ' అని వెతికితే దొరుకుతుంది.

వివరాల్లో ఊరు, కాలం, దేనితో చేశారు, కొలతలు, ఈ నాలుగూ నోట్‌బుక్‌లో రాసుకోండి. కొలత అస్సలు వదలొద్దు. ఫోన్లో అరచేయంత కనిపించేది నిజానికి గోడంత ఉండొచ్చు. ప్రతి వస్తువుకూ మ్యూజియం వేసే నంబరు విషయంలో నేను బోల్తా పడ్డాను. చివర 1953 అని చూసి, ఒక కస్టమర్‌కు "ఇది 1953 నాటి డిజైన్" అని గొప్పగా చెప్పాను. అది మ్యూజియం చేతికి వచ్చిన సంవత్సరం! గుడ్డ వయసు రెండు వందల ఏళ్ల పైమాటే.

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియం 2017 నుంచి, కాపీరైట్ లేని వస్తువుల ఫొటోలను ఎవరైనా ఎలాగైనా వాడుకోమని వదిలేసింది. అక్కడ 17వ శతాబ్దపు గోల్కొండ కలంకారీ రుమాలు చూడండి. గుడ్డ నిండా మనుషులు, పూలే. ఖాళీ అన్నదే లేదు.

ఫోన్ చాలనుకోకండి, ఒక్కసారైనా హైదరాబాద్ సాలార్‌జంగ్ మ్యూజియంకు వెళ్లండి. ఇక్కడ రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి కాచిగూడ. శుక్రవారం సెలవు, చూసుకోండి. అందరూ గడియారం దగ్గర గుంపు కడతారు. నేను జేడ్ రాతి వస్తువుల గదిలోనే ఉండిపోయాను. రాతిలో తొలిచి, మేలిమి బంగారాన్ని రేకులుగా నొక్కి రత్నాన్ని బిగించే పని పేరు కుందన్. మా షాపులో కుందన్ అంటే గమ్‌తో అంటించే గాజురాయి! ఆ రోజు కొంచెం సిగ్గేసింది. బిద్రీ గిన్నెల దగ్గరా ఆగండి. జింకు పాలు ఎక్కువున్న లోహంలో వెండి పొదిగి, బీదర్ కోట మట్టితో నల్లబరుస్తారు.

అంత దూరం వద్దంటే కడప భగవాన్ మహావీర్ మ్యూజియంలో రాతి విగ్రహాల వడ్డాణాలు, దండకడియాలు పెన్సిల్‌తో గీసుకోండి. ఫొటో తీస్తే కన్ను బద్ధకిస్తుంది, గీస్తే ఒక్కో పూస లెక్క తేలుతుంది.

హిందూపురం దగ్గరి లేపాక్షి మ్యూజియం కాదుగానీ, నా లెక్కలో అంతకన్నా ఎక్కువ. లతామంటపం స్తంభాల మీద అల్లికలు వరసగా ఉంటాయి. పైకప్పు బొమ్మల్లో 16వ శతాబ్దపు చీరల అంచులు, మగవాళ్ల పొడుగు కుళ్లాయిలు. పొద్దున్నే వెళ్లండి. మెడ నొప్పి పుడుతుంది కాబట్టి బొమ్మకు బొమ్మకు మధ్య కాసేపు కూర్చోండి. నేను ఒక స్తంభం అల్లికను బటర్ పేపర్ మీదికి దించి మెరూన్ జాకెట్టు చేతులకు కుట్టాను. ఆ పేపర్ వెనక 'లేపాక్షి, లతామంటపం' అని రాసి, డిజైన్ల ఫైల్లో అన్నిటికన్నా ముందు పెట్టుకున్నాను.