లండన్–పారిస్ బస్సెక్కుతున్నారా? పాస్‌పోర్ట్ చేతి సంచిలోనే ఉంచుకోండి

యూకేలో చదువుకునే మన పిల్లలు షెంజెన్ వీసా రాగానే విక్టోరియా కోచ్ స్టేషన్‌లో రాత్రి బస్సెక్కి పారిస్ వెళ్తుంటారు. చవకే, కాదనను. పాస్‌పోర్ట్ మాత్రం డిక్కీలో వేసే బ్యాగులో పెట్టకండి. ఫెర్రీ మీద దాటే బస్సయితే ఇంగ్లండ్ వైపున్న డోవర్ రేవులోనే ఫ్రెంచ్ పోలీసులు చూస్తారు. తిరుగు ప్రయాణంలో ఫ్రాన్స్ వైపున్న కలే (Calais) రేవు దగ్గర ముందు ఫ్రెంచ్ కౌంటరు, ఆ వెంటనే బ్రిటిష్ కౌంటరు. అర్ధరాత్రయినా సరే, నిద్రలేపి దింపుతారు.

యూకే వీసాకి ఇప్పుడు చేతిలో కార్డుండదు, ఈ-వీసానే. మీ ప్రస్తుత పాస్‌పోర్ట్ యూకేవీఐ (బ్రిటన్ వీసాల విభాగం) ఆన్‌లైన్ ఖాతాకు లింకయి ఉందో లేదో బయల్దేరకముందే చూసుకోండి. పాస్‌పోర్ట్ రెన్యువల్ చేయించుకున్నవాళ్లకు టెన్షన్ అక్కడే.

అన్నట్టు, పారిస్ టైమ్ గంట ముందుంటుంది. పారిస్‌లోని బెర్సీ సేన్ బస్ స్టేషన్‌లో ఎక్కే తిరుగు బస్సుకి టికెట్ మీద ఉండేది అక్కడి టైమే.