ఫ్రంట్ ఫోర్కు రీకాల్‌కి బండి ఇచ్చే ముందు జాగ్రత్తలు

ఫ్రంట్ ఫోర్కు అంటే బైక్ ముందు చక్రాన్ని పట్టుకునే రెండు షాక్ అబ్జార్బర్ గొట్టాలు. రీకాల్ అంటే లోపం ఉన్న బండ్లను కంపెనీయే వెనక్కి పిలిచి బాగుచేయడం. ఆర్‌సీలో ఉండే 17 అక్షరాల ఛాసిస్ నంబరు కంపెనీ సైట్‌లో కొట్టి చూడండి. మోడల్, సంవత్సరం కలిసినంత మాత్రాన మీ బండి రీకాల్‌లో ఉన్నట్టు కాదు. ఉంటే పని ఉచితం. పార్టులు వచ్చాయని సర్వీస్ సెంటర్ ఖాయంగా చెప్పాకే తీసుకెళ్లండి.

ఇంటి దగ్గరే ఫోర్కు ట్యూబులను తెల్ల గుడ్డతో తుడవండి. పది కిలోమీటర్లు నడిపాక ట్యూబు మీద నూనె వలయం కనిపిస్తే సీలు (లోపలి నూనెను ఆపే రబ్బరు రింగు) కారుతున్నట్టే. గీతలు గోరుకు తగిలితే కొత్త సీలు కూడా నిలవదు. అన్నీ ఫొటో తీసి పెట్టుకోండి. నూనె బ్రేక్ డిస్కు దాకా జారితే మాత్రం బండి అసలు నడపొద్దు, ట్రాలీలో పంపండి. నూనె పీల్చిన బ్రేక్ ప్యాడ్లు కడిగినా పనికిరావు, మార్చాల్సిందే.

పెద్ద గుంతలో పడ్డా, దేన్నైనా గుద్దినా దాచకుండా చెప్పండి. 2017లో బీఎండబ్ల్యూ ఆర్ 1200 జీఎస్ రీకాల్‌కు కారణం అలాంటి గట్టి దెబ్బలకు ఫోర్కు ట్యూబు దెబ్బతినే ప్రమాదమే.

జాబ్ కార్డులో (సర్వీస్ సెంటర్ పనులు రాసుకునే కాగితం) రీకాల్ పని విడిగా రాయించండి. బిగింపులు టార్క్ రెంచ్‌తోనే (బిగువు కొలిచి బిగించే పానా) చేయమనండి. ఫోర్కును పట్టుకునే అల్యూమినియం క్లాంపు అతిగా బిగిస్తే పగులుతుంది.

తీసుకునేటప్పుడు:
- కదిలే ముందు ఫ్రంట్ బ్రేక్ లివర్ గట్టిపడేదాకా నొక్కండి. క్యాలిపర్ (ప్యాడ్లను డిస్కుకు నొక్కే భాగం) విప్పి బిగించాక మొదటి నొక్కు ఖాళీగా పోవచ్చు.
- హ్యాండిల్ రెండు వైపులా పూర్తిగా తిప్పండి. కేబుల్, బ్రేక్ హోస్ సాగినట్టు బిగుసుకోకూడదు.
- బ్రేక్ పట్టి ముందుభాగాన్ని గట్టిగా కిందికి నొక్కి వదలండి. టకటక శబ్దం వస్తే అక్కడే మళ్లీ చూపించండి.